మునివేళ్ళ మీద నిలబడ్డ కుక్క

క్లైవ్ ఆక్స్‌లీ ఇప్పటిదాకా చెప్పిన అబద్ధాలన్నీ ఒకచోట పోస్తే హాగ్‌థార్ప్ గని పక్కనున్న బొగ్గుమట్టి దిబ్బ కంటే ఎత్తవుతాయని అతని భార్య మేవిస్ అంటూ ఉండేది. దిబ్బ మీద ఇప్పుడు గడ్డి మొలిచి గొర్రెలు మేస్తున్నాయి. క్లైవ్ అబద్ధాల మీద మాత్రం గడ్డి మొలవలేదు. అతను మొలవనిస్తేగా.

గని మూసేసి ముప్పై ఏళ్ళు దాటింది. అయినా ఆ గనిలో తను చూసిన ఎలుక గురించి క్లైవ్ ఇప్పటికీ చెబుతాడు. అది పొట్టి గుర్రం కాదు, ఎలుకే అని తేల్చడానికి ముగ్గురు మేస్త్రీలు సంతకాలు పెట్టాల్సి వచ్చిందట. ఇక అతని కుక్క కస్టర్డ్ సంగతి అడక్కూడదు. కస్టర్డ్ ఒకసారి ఎదుటి కొండ వైపు తిరిగి మొరిగితే ప్రతిధ్వని హడలిపోయి, వెనక్కి రావాలా వద్దా అని మంగళవారం దాకా ఆలోచించుకుందట. కస్టర్డ్ తండ్రి మంచులో దిగబడ్డ బస్సును పళ్ళతో బయటికి లాగి, ఆ తర్వాత మర్యాదగా టికెట్ కొనుక్కుని అందులోనే ఇంటికెళ్ళిందట.

నిజానికి కస్టర్డ్ తండ్రి ఎవరో దాని తల్లికే తెలియాలి. ఆరేళ్ళ కిందట ఎవరో క్లైవ్ కూరగాయల మడి కంచెకు నైలాను తాడుతో కట్టేసిపోయిన కూన అది. పసుపు రంగు, వెడల్పాటి తల, ఎదురుగా నిలబడితే చిన్న బీరువాలాంటి ఛాతీ. చూడ్డానికి అంత భారీ శాల్తీ, పక్కింటి పిల్లి వస్తే తింటున్న గిన్నె వదిలేసి పక్కకి జరిగి దారిచ్చేది. గనిదుమ్ము తిన్న ఊపిరితిత్తులు మొరాయించి క్లైవ్‌కి దగ్గు తెర పట్టుకుంటే, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి అతని మోకాళ్ళకి వీపు ఆనించి కూర్చునేది. దగ్గు తగ్గేదాకా కదిలేది కాదు.

హాగ్‌థార్ప్ క్లబ్బులో ఏటా జూలై పండగనాడు ‘ఊరికల్లా పెద్ద కుక్క’ పోటీ పెడతారు. బీరు డేరాలో సెక్రెటరీ కొలకర్ర తెచ్చి కుక్క మూపు దగ్గర ఆనించి కొలుస్తాడు. గెలిచినవాళ్ళకి ఒక పంది తొడ ఇస్తారు, కొలత రాసిన ఫొటో ఏడాది పొడుగునా క్లబ్బు గోడ మీద వేలాడుతుంది. ఆ తొడ ఎప్పుడూ నెవిల్ థ్వెయిట్ ఇంటికే పోయేది. నెవిల్ గనిలో వడ్రంగి. సొరంగం కూలకుండా దుంగలు నిలబెట్టినవాడు కాబట్టి మాట కూడా కొలిచి కోసి మరీ వాడేవాడు. అతని కుక్క మేజర్ ఇరవైన్నర అంగుళాలు. ఎవరు కొలిచినా, ఎప్పుడు కొలిచినా ఇరవైన్నరే.

కస్టర్డ్ పందొమ్మిదిన్నర.

ఆ ఒక్క అంగుళం క్లైవ్ గుండెలో ముల్లై కూర్చుంది. ఒక మార్చి నెలంతా అతను మడిలో కస్టర్డ్‌కి పాఠం చెప్పాడు. చీపురుకట్టె తెచ్చి దాని మూపుకి ఆనించేవాడు, రెండో చేత్తో వేయించిన పందిచర్మం ముక్క దాని ముక్కుకి అందీ అందని ఎత్తులో పట్టుకునేవాడు. కస్టర్డ్ ఊపిరి బిగించి, భుజాలు ఎగదన్ని, నాలుగు కాళ్ళ మునివేళ్ళ మీదా లేచి నిలబడేది. జూన్ వచ్చేసరికి ముక్క కూడా అక్కర్లేకపోయింది. కర్ర తగిలితే చాలు, కస్టర్డ్ తనంతట తనే లేచి, క్లైవ్ జేబు వైపు చూసేది. పండగనాడు సెక్రెటరీ కొలిచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచి, ఇరవై ముప్పావు అని ప్రకటించాడు.

“ఆ కుక్క ఏదో చేస్తోంది,” అన్నాడు నెవిల్.

“ఏం చేస్తుంది పాపం, పెరుగుతుంది,” అన్నాడు క్లైవ్ డేరా అంతా వినేట్టు. “నీ మేజర్‌కేమైంది నెవిల్? వానలో తడిపావా? స్వెట్టర్‌లా ముడుచుకుపోయింది.”

డేరా డేరా అంతా గొల్లుమని నవ్వింది. నెవిల్ మేజర్‌ని తీసుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఆ ఏడూ, మరుసటేడూ, ఆ పైయేడూ పంది తొడ క్లైవ్‌దే. ఈ మూడేళ్ళలో నెవిల్ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంతలో చట్టం వచ్చింది. దేశంలో అక్కడక్కడా కుక్కలు మనుషుల్ని చంపాయి, పసిపిల్లల్ని కూడా. ఎక్స్ఎల్ బుల్లీ అనే జాతిని నిషేధించారు. ఆ జాతి ఏదో ఎలా తేలుస్తారు అంటే, తల్లీ తండ్రీ ఎవరని కాదు. మగకుక్క మూపు దగ్గర ఇరవై అంగుళాలుండి, తలా ఛాతీ కాళ్ళూ కాగితం మీద రాసిన తీరులో ఉంటే అదే ఆ జాతి. అలాంటిదున్నవాళ్ళు జనవరి ఆఖరి రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల నమోదు చేయించాలి, దానికి విత్తులు తీయించాలి, గడప దాటితే మూతికి చిక్కం కట్టాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు. గడువు దాటాక కాగితం లేకుండా ఉంచుకుంటే నేరం.

“పోయి ఆ నమోదేదో చేయించవయ్యా,” అంది మేవిస్.

“పందొమ్మిదిన్నర అంగుళాల కుక్కకి చిక్కమెందుకే?”

“క్లబ్బు గోడ మీద ఇరవై ముప్పావని రాసుంది.”

“అది క్లబ్బు లెక్క. ఇది ప్రభుత్వం లెక్క.”

“రెండు చోట్లా ఉండేది ఒక్క కుక్కే కదయ్యా.”

క్లైవ్ వినలేదు. జీవితంలో మొదటిసారి నిజం తన పక్షాన ఉందన్న ధీమా అతనిది.

నెవిల్ మాత్రం వేరే లెక్క వేసుకున్నాడు. అతనికి డెబ్భై నాలుగు, ఒంటరివాడు. మేజర్ అన్నివిధాలా ఆ కాగితానికి సరిపోయే కుక్క, తను పోతే దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వరు. ఎవరైనా కోర్టుకెక్కి అడగాలి, అడిగేవాళ్ళెవరూ అతనికి లేరు. డిసెంబరులో ఒక పొద్దున పశువుల డాక్టరు దగ్గరికి మేజర్‌ని నడిపించుకెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు అతని చేతిలో గొలుసు ఒక్కటే ఉంది. క్లైవ్ కిటికీలోంచి చూసి, నెవిల్ వీధి దాటేదాకా కర్టెన్ వెనక నిలబడ్డాడు.

ఫిబ్రవరి రెండో వారంలో క్లైవ్ తలుపు కొట్టారు. ఎవరో ఫిర్యాదు చేశారట. వచ్చింది కుక్కల చట్టం చూసే పోలీసు ఆఫీసరమ్మ, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఆవిడ నెమ్మదస్తురాలు. కస్టర్డ్ ఆవిడ బూట్లు వాసన చూసి, ఒకదాని మీద గడ్డం ఆనించి పడుకుంది.

“కొలుచుకోండమ్మా,” అన్నాడు క్లైవ్ హుషారుగా. “టీ తాగుతూ కొలుచుకోండి. అరంగుళం తక్కువే వస్తుంది.”

ఆవిడ సంచిలోంచి కొలకర్ర తీసింది. కస్టర్డ్‌ని లేపి నిలబెట్టి, కర్ర దాని మూపుకి ఆనించింది.

కస్టర్డ్ లేచింది. ఊపిరి బిగించింది, భుజాలు ఎగదన్నింది, నాలుగు కాళ్ళ మునివేళ్ళ మీద బొమ్మలా నిలబడి క్లైవ్ వైపు చూసింది.

క్లైవ్ టీ కప్పు కింద పెట్టేశాడు. “దిగు,” అన్నాడు. “కస్టర్డ్, దిగు. వద్దురా నాన్నా, దిగు.”

క్లైవ్ గొంతు వినేసరికి కస్టర్డ్‌కి ఇంకా ఉత్సాహం వచ్చింది. మిగిలిన పావంగుళం కూడా లేచింది.

“ఇరవై ముప్పావు,” అంది ఆఫీసరమ్మ.

“అది దాని ఎత్తు కాదమ్మా. నేను నేర్పాను. పోటీ కోసం నేర్పాను. మళ్ళీ కొలవండి.”

ఆవిడ మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ కస్టర్డ్ తన గురువుని నిరాశపరచలేదు. ఆవిడ తన ఫోనులో ఒక ఫొటో చూపించింది. క్లబ్బు గోడ, పంది తొడ, నవ్వుతున్న క్లైవ్, కింద అంగుళాలు.

“ఇది మీరే కదా ఆక్స్‌లీ గారూ?”

“నేనే.”

“ఈ కొలతతోనే కదా మీరు గెలిచింది? ఇది ఆ జాతి కాదని మీరంటే, కాదని కోర్టులో నిరూపించాల్సింది మీరే. నేను అవునని నిరూపించక్కర్లేదు. చట్టం అలా ఉంది. నాకూ ఇది ఇష్టమైన పని కాదండీ.”

వ్యాను వెనక ఎక్కే పలక దించితే, ఎక్కడికో షికారు అనుకుని కస్టర్డ్ తనే ఎక్కింది. ఎక్కడ ఉంచుతారో చెప్పరట. కేసు తేలేదాకా చూడనివ్వరట. తలుపు వేసేముందు అది వెనక్కి తిరిగి, క్లైవ్ ఇంకా ఎక్కలేదేమా అని చూసింది.

 మేవిస్ తిడుతుందేమోనని క్లైవ్ ఆ సాయంత్రమంతా ఎదురు చూశాడు. తిట్టినా బాగుండేది. ఆమె కస్టర్డ్ గిన్నె కడిగి, తుడిచి, ఉన్నచోటే పెట్టేసింది.

క్లైవ్ తరఫున వాదించడానికి కోర్టు ఇచ్చిన వకీలు మిస్ బెయిన్స్ ముప్పై ఏళ్ళ పిల్ల. చెప్పినదంతా రాసుకుని, కలం కింద పెట్టింది.

“కుక్క కాలివేళ్ళ మీద లేస్తుందంటారు.”

“అవునమ్మా.”

“మీరే నేర్పారంటారు.”

“నేనే.”

“మీ మాట ఒక్కటే అయితే వాళ్ళు ఆ ఫొటో చూపిస్తారు. నేర్పుతుండగా చూసినవాళ్ళెవరైనా ఉన్నారా? మీ స్నేహితుడు కాకపోతే మరీ మంచిది. అలాంటి సాక్ష్యం ఉంటే మళ్ళీ కొలిపించమని అడగగలను. ఆ కొలతలో కూడా ఇరవై దాటితే ఇక నేను చేయగలిగింది తక్కువ. గడువులోగా నమోదు చేయించలేదు, పోటీలో మోసం చేశానని మీరే అంటున్నారు. ఇలాంటి మనిషి చేతికి కుక్కని నమ్మి ఇవ్వొచ్చా అని అడుగుతారు. ఇవ్వకూడదనుకుంటే కుక్కకి చావు సూదే.”

క్లైవ్ ముందు క్లబ్బులో ఒక్కొక్కరినీ అడిగాడు. వాళ్ళు మంచివాళ్ళు. ఒక మనిషి గొప్ప చెప్పుకుంటుంటే కొలిచి చిన్నబుచ్చడం ఆ క్లబ్బులో పద్ధతి కాదు. “నువ్వు దిగులు పడకు క్లైవూ,” అని అందరూ భుజం తట్టారు. “కోర్టుకొచ్చి చెబుతాం, కస్టర్డ్ నిజంగానే ఇరవై ముప్పావు, ఆ పోటీలో మోసమేమీ లేదు, నీలాంటి నిజాయితీపరుడు ఈ ఊళ్ళోనే లేడని చెబుతాం.” సెక్రెటరీ అయితే అప్పటికే నాలుగు పేజీలు రాసి, కింద పదిహేడు సంతకాలు చేయించి పెట్టాడు. క్లైవ్ ఆ కాగితం చించబోతే, దుఃఖంలో ఉన్నాడని లాక్కుని దాచారు.

ఆదివారం మధ్యాహ్నం తంబోలా మొదలయ్యే ముందు క్లైవ్ వెళ్ళి మైకు పట్టుకున్నాడు.

“నేను మోసం చేశాను,” అన్నాడు. “మూడేళ్ళూ మోసమే. కస్టర్డ్ పందొమ్మిదిన్నర. కర్ర తగిలితే మునివేళ్ళ మీద లేవాలని పందిచర్మం పెట్టి నేర్పాను.”

 ముందు బల్ల దగ్గర ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆపుకోలేకపోయింది. హాలంతా అంటుకుంది.

“మునివేళ్ళ మీదా? నాలుగు కాళ్ళవీనా క్లైవూ?”

“బూట్లు కూడా తొడిగావా?”

“ఒరేయ్, ఎలుక కథ కంటే ఇదే బాగుందిరా. క్రిస్మస్‌కి మళ్ళీ చెప్పాలి.”

“ఇది నిజం,” అన్నాడు క్లైవ్. “నమ్మండి. నిజం చెబుతున్నాను.”

దాంతో ఇంకా నవ్వారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఏడుపుమొహం అతనికి ఎంత బాగా కుదిరిందో చెప్పుకున్నారు. క్లైవ్ మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. యాభై ఏళ్ళుగా ఈ నవ్వు కోసమే అతను ఏదైనా చెప్పేవాడు. ఇప్పుడు అది తన మీదకి గని పైకప్పులా దిగుతోంది.

మూలనున్న బల్ల దగ్గర ఒక్క మనిషి నవ్వలేదు. నెవిల్ సగం గ్లాసు వదిలేసి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. క్లైవ్ వెనకాలే పరుగెత్తాడు. బస్టాపు దగ్గర అందుకునేసరికి దగ్గు పట్టుకుని, స్తంభం పట్టుకుని వంగిపోయాడు. నెవిల్ ఆగాడు, సాయం చేయలేదు, దగ్గయ్యేదాకా ఆగాడు.

“నువ్వు చూశావు కదా నెవిల్. నీ మడి నా పక్కదే.”

“చూశాను. కంచె సందులోంచి. మార్చి నెలంతా.”

“మరి ఆ రోజు డేరాలో చెప్పలేదే?”

“ఏం చెప్పమన్నావు? నా కుక్క ముడుచుకుపోయిందని నువ్వంటే నూట యాభై మంది నవ్వారు. వాళ్ళకా చెప్పేది?”

“వచ్చి కోర్టులో చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“వంగలేవు. మోకాళ్ళు లేవు నీకు.” నెవిల్ రోడ్డు వైపు చూశాడు. “నా మేజర్‌ది నిఖార్సైన ఇరవైన్నర. అందుకే చచ్చింది. నీది దొంగకొలత. అది బతకాలి.”

“అవును,” అన్నాడు క్లైవ్. “బతకాలి.”

“సిగ్గులేదురా నీకు.”

“ఉన్నదంతా ఇప్పుడే ఆ మైకు ముందు ఒలకబోశాను. మరి లేదు.”

బస్సు వచ్చింది. నెవిల్ ఎక్కలేదు. బస్సు పోయింది.

“డాక్టరు దగ్గర అది నా చేతిలో తల పెట్టింది,” అన్నాడు నెవిల్. “సూది పొడుస్తుంటే కూడా నన్నే చూసింది, నేనేదో బాగు చేస్తున్నాననుకుని. ఇంకో కుక్కకి అది జరగాలని నాకు లేదు. నీ మొహం చూసి కాదు.” టోపీ సర్దుకుని, “ఆ వకీలమ్మ ఎక్కడుంటుంది?” అన్నాడు.

నెవిల్ సాక్ష్యం రెండు పేజీలు. ఏ తేదీన, ఎన్నిసార్లు, కట్టె పొడుగెంత, ముక్క ఎంత ఎత్తులో పట్టుకున్నాడు, అన్నీ రాసి ఉన్నాయి. కుక్క యజమాని అంటే తనకి పడదని కూడా రాసి, దాని కింద గీత గీశాడు. కోర్టు రెండోసారి కొలవమంది. జూన్‌లో, జిల్లా పోలీసు పెరట్లో, బయటి నిపుణుడి చేత. యజమాని గాని, అతని తరఫున ఒకరు గాని దగ్గరుండొచ్చు. కస్టర్డ్‌ని పట్టుకెళ్ళి అప్పటికి నాలుగు నెలలు.

“వెళ్ళొచ్చట నెవిల్. చూడొచ్చట,” అన్నాడు క్లైవ్. ఆ నాలుగు నెలల్లో మొదటిసారి అతని మొహంలో రక్తం కనిపించింది.

“నువ్వు వెళ్ళకూడదు.”

“ఏం?”

“అది లేచేది కర్రని చూసి కాదు, నిన్ను చూసి. నీ జేబు చూసి. నువ్వు కనబడ్డావా, పెరడు దాటి ఎగురుతుంది.”

 కాదనడానికి క్లైవ్ ఏదైనా కథ దొరుకుతుందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు.

ఆ రోజు నెవిల్ అతన్ని పోలీసు పెరటి గోడ బయట, వెనక సందులో నిలబెట్టాడు. వేలు తడిచేసి గాలి ఎటుందో చూసి, ఇంకో ఇరవై అడుగులు అవతలికి నడిపించాడు. కోటు విప్పించి వాళ్ళొచ్చిన కారులో పడేశాడు, జేబుల్లో పందిచర్మం వాసన ఇంకా పోలేదని. “నోరెత్తకు. కదలకు,” అని చెప్పి లోపలికెళ్ళాడు.

క్లైవ్ ఇటుకలకి వీపు ఆనించి నిలబడ్డాడు. వ్యాను వచ్చిన చప్పుడు. పలక దిగిన చప్పుడు. తర్వాత సిమెంటు మీద గోళ్ళ టకటక. ఆ నడక లక్ష కుక్కల్లో ఉన్నా అతను పోల్చుకుంటాడు. కానీ ఆ నడక నెమ్మదిగా ఉంది, ఒక కాలు ఈడుస్తున్నట్టుంది. పేరు పెట్టి పిలవాలని నాలుక మీదిదాకా వచ్చింది.

అప్పుడే ఛాతీలో దుమ్ము కదిలింది.

దగ్గు వస్తోంది. ఈ దగ్గు కస్టర్డ్‌కి తన పేరు కంటే బాగా తెలుసు. అది వింటే గోడ దూకైనా వస్తుంది, రాలేకపోతే గోడకి ఎదురుగా నాలుగు మునివేళ్ళ మీదా లేస్తుంది. క్లైవ్ టోపీ తీసి నోట్లో కుక్కుకున్నాడు. గుడ్డని పళ్ళతో పట్టి, రెండు చేతులతో మూతి నొక్కుకున్నాడు. దగ్గు లోపల్లోపలే తన్నింది, పక్కటెముకలు విరగదీసేట్టు తన్నింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, చూపు నల్లబడింది. గోడ మీంచి జారి నేల మీద కూలబడ్డాడు. గోడవతల ఎవరో అంకెలు చదువుతున్నారు, వినబడటం లేదు. లేవకు నాన్నా, లేవకు, లేవకు అనుకున్నాడు. దేవుణ్ణి అడిగే అలవాటు లేదు కాబట్టి కుక్కనే అడిగాడు.

నెవిల్ బయటికొచ్చేసరికి అతను అలాగే కూర్చుని ఉన్నాడు, టోపీ నోట్లోనే. నెవిల్ వంగి దాన్ని బయటికి లాగాడు.

“పందొమ్మిదిన్నర,” అన్నాడు. “మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ అంతే. ఆఫీసరమ్మ కూడా సంతకం పెట్టింది. ఆ జాతి కాదని రాస్తున్నారు.”

క్లైవ్‌కి ఊపిరి అందడానికి కొంతసేపు పట్టింది.

“లేవలేదా?”

“లేదు.”

“కర్ర ఆనించారా? మూపుకి సరిగ్గా ఆనించారా?”

“ఆనించారు.”

“కొంచెం కూడా?”

నెవిల్ గోడ పట్టుకుని అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. “తల కూడా ఎత్తలేదురా,” అన్నాడు. “ఎవరు ఎక్కడికి తోస్తే అక్కడ నిలబడింది. చిక్కిపోయింది. ఎవరిదో కుక్కలా ఉంది.”

నాలుగు నెలలుగా అది లేవకూడదనే కోరుకున్నాడు క్లైవ్. ఒక్క నిమిషం కిందటి దాకా కూడా అదే కోరుకున్నాడు. తడిసిన టోపీలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఈసారి దగ్గుని ఆపుకోలేదు. అది బయటికొచ్చి సందంతా మోగింది.

గోడవతల గొలుసు కదిలిన చప్పుడైంది.

క్లైవ్ చప్పున రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భయంతో నెవిల్ వైపు చూశాడు. నెవిల్ అతని మణికట్లు పట్టుకుని, ఆ చేతుల్ని కిందికి దించాడు.

“కొలవడం అయిపోయింది,” అన్నాడు. “ఇప్పుడు లేస్తే లేవనీ.”